మూడో డిస్కు

"నాకు పాఠాలు చెప్పకండి. డి డ్రైవులో ఒక కాపీ, ఎఫ్ డ్రైవులో ఇంకో కాపీ. రెండుచోట్ల దాచాను!"

కౌంటర్ మీద పెట్టిన కంప్యూటర్ కంటే ఆ అమ్మాయే ఎక్కువ వేడెక్కి ఉంది. వీధి వీధంతా డిస్కుల డాక్టరని పిలిచే కుర్రాడు నవ్వాపుకున్నాడు.

"అవి రెండూ ఒకే డిస్కులో ఉన్నాయండీ. ఒకే బీరువాలో రెండు అరలన్నమాట. బీరువా పోతే రెండూ పోతాయి. ఇదేమో లోపల టకటకమంటోంది."

ఆమె మొహం పాలిపోయింది.

"అందులో మా నాన్న గొంతుంది," అంది మెల్లగా. "ఇంకో పదిరోజుల్లో గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదన్నారు. చిన్నప్పుడు నాకు చెప్పిన కథలన్నీ రికార్డు చేస్తున్నాను."

డిస్కుల డాక్టరుగారి నవ్వు ఎటుపోయిందో ఏమో. సాయంత్రానికల్లా ఫైళ్లన్నీ భద్రంగా బయటికి తీశాడు.

"రికార్డింగ్‌కి ఎస్సెస్డీ అనే కొత్తరకం డిస్కు పెడదాం, అది చప్పుడు చెయ్యదు. దాచడానికి రెండు పెద్ద హార్డ్ డిస్కులు. అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి."

"మొత్తం మూడా? బేరం పెంచుకుంటున్నారా?"

"డిస్కు పోతే ఇంకోటి అమ్ముతాను. ఆ గొంతు నా కొట్లో దొరకదండీ."

ఆమె పర్సు తీసింది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాడు. అప్పటిదాకా రికార్డు చేసిన కథలన్నిటి వెనకా పాత డిస్కు రొద పడింది. అందుకే పెద్ద డిస్కుల్ని దూరంగా వంటింటి గోడవారన పెట్టి, మైకు ముందు ఆమె తండ్రిని కూర్చోబెట్టి, తను హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

పెద్దాయన సరదాకి గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికులకు గమనిక..."

కుర్రాడికి ఒళ్లు ఝల్లుమంది. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని బస్టాండులో తలెత్తి విన్న గొంతు! అది ఆకాశంలోంచి వస్తుందనుకునేవాడు. ఆ ఆకాశం ఇప్పుడు చిరిగిన స్వెట్టరు వేసుకుని ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"మీరేనా సార్ అది!" అన్నాడు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంకతో వచ్చాడు. ఆపరేషన్‌కి ముందురోజు చివరి కథ రికార్డయ్యాక, ఆమె టీ పెట్టడానికి వెళ్లినప్పుడు పెద్దాయన అడిగాడు.

"ఏం బాబూ, ఆ కేబుల్ బిగించడం ఇది ఆరోసారి. మా ఇంట్లో కేబుళ్లు అంత వదులా?"

"అదీ... మీ అమ్మాయంటే నాకిష్టమండీ."

"ఆ సంగతి దానికి చెప్పు. నాకైతే సంతోషమే."

చెప్పలేదు. టీ తాగేసి, తల వంచుకుని బయల్దేరాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి మూడో డిస్కు చేతిలో పెట్టింది.

"వేరే ఇల్లంటే మీ ఇల్లే గుర్తొచ్చింది," అంది.

దాన్ని నిద్రపోతున్న పసిపిల్లని మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని నడిచాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పెద్దాయన ఇంటికొచ్చాడు. ఇల్లు మాత్రం మూగబోయింది. డిస్కుల డాక్టరు చూడ్డానికి వెళ్లేసరికి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"చివరి ఫైల్ నిన్ననే విన్నాను," అంటూ నొక్కింది.

గదంతా ఆ గొంతు. "...ఆ సంగతి దానికి చెప్పు. నాకైతే సంతోషమే."

ఆరోజు రికార్డింగ్ ఆపడం మర్చిపోయింది సాక్షాత్తూ డాక్టరే!

"ఎప్పుడు చెబుతారు?" అందామె. కళ్లల్లో నీళ్లు, పెదాల మీద నవ్వు.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు.

"ఇంతసేపా!"

పక్కనే కూర్చున్న పెద్దాయన పలక అందుకుని తీరిగ్గా రాసి ఇటు తిప్పాడు.

'మూడో డిస్కు మీ ఇంట్లోనే ఉండనీ. దానికి తోడుగా మా అమ్మాయిని పంపిస్తాను.'

పలక మీది ఆ అక్షరాలు చదువుతుంటే కుర్రాడికి అదే గొంతు వినిపించింది, తలెత్తి వినాలనిపించేంత స్పష్టంగా.

"అలాగే మావయ్యగారూ," అన్నాడు.