బోల్టుల ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, కట్టిన ఇల్లు విప్పి చూపించమని ఎవరూ అనలేదు మేడమ్!”

“ఇప్పుడు నేనంటున్నాను. విప్పండి.”

నవ్వుతుందేమోనని చూశాడు కార్పెంటరు. నవ్వలేదు.

మునిసిపల్ ఆఫీసు నుంచి వచ్చే ఆ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌కి వీధి వీధంతా ‘ఎర్రగీత’ అని పేరు పెట్టింది. కిందటి వానల్లో సముద్రం ఒడ్డును కోసేసి, కార్పెంటరు పాత ఇంటిని గోడలతో సహా మింగేశాక, వీధి మధ్యన ఎర్రరంగుతో గీత గీయించింది ఆమే. గీతకి సముద్రం వైపు పునాది వేసి ఇల్లు కట్టకూడదు. విప్పి వెనక్కి జరుపుకోగలిగిన ఇల్లయితే సరే.

అందుకే అంతా చెక్కతో, బోల్టులు బిగించి కట్టాడు. ఈరోజు తనిఖీ. ఆమె చూపించిన స్తంభాన్ని ఆమె కళ్ళెదుటే విప్పి పైకి లేపాలి. లేవకపోతే అనుమతి లేదు. తండ్రీకొడుకులు ఒడ్డు వదిలి పోవాల్సిందే.

అతనికి ఆ భయం లేదు. ఉన్న భయమల్లా తన జుట్టులో రంపపు పొట్టు ఆమె కంటపడుతుందేమోనని.

“ముందువైపు స్తంభం చూడమ్మా, నున్నగా ఉంటుంది,” అన్నాడు నాన్న, ఎవరూ అడక్కుండానే. జీవితమంతా తాపీపని చేసిన మనిషి. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఎర్రగీత కనుబొమ్మ ఎగరేసింది. “అయితే వెనక మూలది చూద్దాం పెద్దాయనా.”

నాన్న ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

కార్పెంటరు స్పానరుతో టకటకా బోల్టులు విప్పాడు. స్తంభాన్ని వాటేసుకుని ఎత్తాడు. కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. కదల్లేదు.

“పొద్దున టిఫిన్ చెయ్యలేదా?” అందామె.

“నేను చేశాను మేడమ్. నాకంటే స్తంభమే ఎక్కువ తిన్నట్టుంది.”

ఆమె పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. మెరిసిన చోటే ఆరిపోయింది. స్తంభం మొదట్లో ఇసుక తవ్వుతున్న అతని చేతికి గరుకుగా ఏదో తగిలింది. సిమెంటు! స్తంభం చుట్టూ ఏనుగు పాదమంత దిమ్మ, భూమిలోకి దిగిపోయి ఉంది.

“ఇదేమిటి?”

అతను నాన్న వైపు చూశాడు. నాన్న సముద్రం వైపు చూశాడు.

“తప్పు నాదే,” అన్నాడు కార్పెంటరు.

“మీ డ్రాయింగ్ చూసి ముచ్చటపడ్డాను. కుదరదన్నవాళ్ళతో ఆఫీసులో మీ తరఫున పోట్లాడాను. చివరికి నా కళ్ళకే గంతలు కడతారా?” ఆమె హెల్మెట్ అందుకుని గిరుక్కున తిరిగింది.

“ఆగమ్మా!” అన్నాడు నాన్న. “వాడికేం తెలీదు. వాడు కలప కోసం వెళ్ళినప్పుడు నేనే పోశాను.”

“ఎందుకు నాన్నా?”

“ఎందుకా? పునాది లేని ఇంటికి పిల్లనెవరిస్తార్రా? చూడ్డానికొచ్చినవాళ్ళు గోడ మీద చెయ్యేస్తే ఇల్లు ఊగితే నా పరువేం కాను?”

సమయం చూసుకున్నట్టు వాన దిగింది. ముగ్గురూ చూరు కింద ఇరుక్కున్నారు.

“ఎన్ని పోశారు?” ఎర్రగీత అడిగింది.

“నాలుగు మూలలా నాలుగు.” నాన్న గొంతు సవరించుకున్నాడు. “వంటింటి కింద ఇంకోటి. కోడలు తిరిగే చోటు కదా అని...”

“నాన్నా!”

ఆమె చటుక్కున అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో కార్పెంటరుకి అంతుపట్టలేదు. ఇటు తిరిగేసరికి మళ్ళీ ఇన్‌స్పెక్టరే.

“పెద్దాయనా, నీళ్ళు మీదికొచ్చిన రోజున ఈ దిమ్మలు ఇంటిని కాపాడవు, కదలనివ్వకుండా ముంచుతాయి. మీ అబ్బాయి కట్టింది పరిగెత్తగలిగే ఇల్లు. మీరు దాని కాళ్ళకి సంకెళ్ళు వేశారు. తీసేయండి. వచ్చేవారం మళ్ళీ తనిఖీ.”

మర్నాడు సుత్తి పట్టింది నాన్నే. “నేను పోసింది నేనే పగలగొడతా, నువ్వు తప్పుకో,” అన్నాడు. ఒక్కో దెబ్బకీ కళ్ళు మూసుకున్నాడు. చివరి దిమ్మ ఊడాక స్తంభాన్ని ఊపి చూసి, “తేలిగ్గానే ఉందిరోయ్,” అన్నాడు, ఎవరితోనో రాజీ పడుతున్నట్టు.

తనిఖీ రోజున కార్పెంటరు గడ్డం నున్నగా గీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. జీపులోంచి బుర్రమీసాల పెద్ద ఆఫీసరు దిగాడు.

“మేడమ్ రాలేదా సార్?”

“ఈ ఇంటి తనిఖీ తను చెయ్యనని చెప్పేసింది. ఊఁ, వెనక మూలది ఎత్తు.”

స్తంభం పూలకొమ్మలా లేచింది. ఆఫీసరు మిగతా మూడూ ఎత్తించాడు. వంటింటి కింద గునపంతో పొడిపించాడు. అనుమతి ఇచ్చేశాడు. నాన్న గంతేసినంత పని చేశాడు. కార్పెంటరుకి మాత్రం ఆ సంతోషం గొంతు దిగలేదు. అంత అసహ్యం పుట్టిందా తనంటే?

జీపు వెళ్ళిపోయాక చూస్తే, వీధికి అవతల స్కూటరు పక్కన ఎర్రగీత!

చేతిలో స్పానరుతోనే పరిగెత్తాడు. “మా ఇంటి ముఖం చూడనంత కోపమా మేడమ్?”

“కోపం కాదు, రూలు.”

“ఏం రూలు?”

“తను ఉండాలనుకునే ఇంటిని తనే తనిఖీ చెయ్యకూడదు.” చెప్పేసి, సముద్రాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అటు చూడసాగింది.

ఒక అల వచ్చి వెనక్కి పోయేదాకా అతనికి అర్థం కాలేదు.

“మే... మేడమ్...”

“ముందు ఆ మేడమ్ మానేయండి. మీ నాన్నగారు సుత్తి పట్టిన రోజు ఇక్కడే నిలబడి చూశాను. ఇంటికెళ్ళి మా అమ్మతో చెప్పేశాను. ‘ఎప్పుడు విప్పుకుని కదలాలో తెలీని ఇల్లా!’ అని నోరెళ్ళబెట్టింది. తర్వాత, ‘సరే, వాళ్ళని ఓసారి రమ్మను’ అంది.”

“నిజంగానే కదలాలి మరి. సముద్రం ఊరుకోదు.”

“తెలుసు. గీత గీయించింది నేనేగా! విప్పి జరపాలంటే నాలుగు చేతులుండాలి. అదిలా ఇవ్వండి.” స్పానరు లాక్కుంది. “ఎటు తిప్పాలి?”

“బిగించాలంటే కుడికి.”

“విప్పాలంటే?”

“ఆ పాఠం ఇవాళ వద్దు,” అన్నాడు కార్పెంటరు.