మాజీ ప్రధాని రాయించిన అబద్ధం

పొద్దున్నే మనవరాలు తాతగారి ఆత్మకథ అచ్చుకాగితాలు చదివి వినిపిస్తోంది. మూడుసార్లు దేశానికి ప్రధాని అయిన ఆ పెద్దాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నిన్న వచ్చిన ఆయన అన్నగారు, ఒకప్పటి బస్సు డ్రైవరు, కిటికీ పక్కన కూర్చున్నాడు.

“జైళ్లయ్యాయి, ఎన్నికలయ్యాయి. ఇక మామయ్య పేజీ తాతయ్యా. ‘తొమ్మిదేళ్ల నా కొడుకు నా చెయ్యి పట్టుకునే ఆసుపత్రిలో కన్ను మూశాడు. కన్నీళ్లు తుడుచుకుని సభకు వెళ్లి ఓటు వేశాను.’”

చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది.

“ఎవరి చెయ్యండీ?” అంది భార్య.

ఆయన కళ్లు తెరవలేదు. నలభై ఏళ్ల కిందట పిల్లాడు పోయేటప్పటికి ఆయన పార్లమెంటు సభలోనే ఉన్నాడు. ఒక్క ఓటు తేడాతో తమ ప్రభుత్వం పడిపోయేలా ఉన్న రోజది. మర్నాడు ఓ పత్రిక ఆయన పిల్లాడి పక్కనే ఉన్నాడని కల్పించి రాస్తే, కాదనలేదు. జనం ఏడ్చారు, గెలిపించారు. ఆ తర్వాత తనే ప్రతి వేదిక మీదా చెప్పుకొచ్చాడు.

“ఇన్నేళ్లకి ఇప్పుడెందుకే?”

“జనానికి ఏమన్నా చెప్పుకోండి. కన్నదాన్ని, నా ముందు చదివించకండి!”

“పోనీలేమ్మా, వాడికి దేశం పని పడింది” అన్నాడు అన్నగారు.

“మీరెప్పుడూ ఇంతే బావగారూ! ఆ రోజు నేను డాక్టరు కోసం పరిగెత్తినప్పుడు పిల్లాడి దగ్గరున్నది మీరు కాదూ? చెప్పండి.”

అన్నగారు తమ్ముడి వైపు తిరిగాడు.

“జ్వరం మత్తులో వాడు కళ్లు తెరవలేదురా. ‘నాన్నా, వచ్చావా?’ అన్నాడు. మనిద్దరి గొంతూ ఒకటేగా. ‘వచ్చాన్రా’ అనేశాను. చచ్చేవాడితో అబద్ధమాడాను. నీకెలా చెప్పాలో తెలీక ఇన్నేళ్లూ మింగేశాను.”

ఆయన దిగ్గున లేచాడు. “నాన్న రాలేదనుకునే పోయాడనుకున్నానన్నయ్యా! ఆ ఊహ తట్టుకోలేకే ఈ అబద్ధం...” అని మనవరాలి వైపు తిరిగాడు. “కొట్టెయ్యమ్మా ఆ పేజీ. నేను లేనని రాయి. పెదతాత ఉన్నాడని రాయి.”

“జనం తిడతారేమో తాతయ్యా!”

“తిట్టనీ. ఎప్పుడో తినాల్సిన తిట్లే.”

ఆయన అన్నగారి కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. “వాడింకేమన్నా అన్నాడా?”

“అన్నాడు. ‘ఓటేసొచ్చావా? మనం గెలిచామా?’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“గెలిచాం నాన్నా అన్నాను.”

లక్షల మంది ముందు తడబడని మనిషి, అన్న మోకాళ్లలో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య చిక్కుడుకాయల పళ్లెం పక్కకు నెట్టి వచ్చి, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.