మధ్యలో లేని గేటు

ఆ ఉదయం ఆకాశం మాసిన దుప్పటి కప్పుకుంది. కురవదు, తెరిపివ్వదు.

రెండో అంతస్తుకు చేరేసరికి రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ మోకాళ్లు మొరాయించాయి. ఆ ఆఫీసు కొత్తది. సాఫ్ట్‌వేర్ ఎలా కట్టుకోవాలో పెద్ద కంపెనీలకు సలహా చెప్పే కన్సల్టింగ్ సంస్థ. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. అప్పుడే దొంగతనం.

పోయింది డిజైన్. ఊరూరా దుకాణాలున్న ఒక కస్టమర్ కోసం ఇక్కడ గీసిన నక్షా పోటీ కంపెనీ చేతిలో తేలింది. మొదటి కాంట్రాక్టే చేజారింది.

"సాయంత్రంలోగా దొంగ తేలకపోతే చీఫ్ ఆర్కిటెక్ట్‌ను పంపించేయండి" అని సంస్థలో డబ్బు పెట్టిన పెట్టుబడిదారు తేల్చేశాడు. విచారణకు ఇన్‌స్పెక్టర్‌ను పంపిందీ ఆయనే. నక్షా గీసింది ఆవిడే. యజమానికి స్వయానా మరదలు. అయినా రాజీనామా రాసి ఉంచమని అతనే చెప్పాడు.

గదిలో ఆ ఇద్దరితో పాటు ప్రోగ్రామర్ ఒకడు. ఆఫీసులో పనిచేసేది ఆ ముగ్గురే. అడిగితే తప్ప నోరు విప్పడు గనక ముంగి అంటారు.

"కంప్యూటర్లు చూశారా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఆడిట్ చేయించాం. ఒక్క ఫైలూ గడప దాటలేదు" అన్నాడు యజమాని.

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక అడిగినవాడికీ లేదు.

ఇన్‌స్పెక్టర్ రెండు నక్షాలూ బల్ల మీద పరిచాడు. మక్కికి మక్కి అని అందరూ ఒప్పుకున్నవే. గట్టు మీద నిలబడి రెండు మడుల పైరు పోల్చినట్టు చాలాసేపు చూశాడు.

"అమ్మా, మీ దాంట్లో ఈ పెట్టె ఏమిటి?"

"గేటండీ. దుకాణాల లెక్కలు దాన్ని దాటే హెడ్డాఫీసుకి వెళ్లాలి. చెక్‌పోస్ట్ అనుకోండి."

"వాళ్ల దాంట్లో లేదే."

"దొంగ సొత్తు కదా, కాస్త మార్చుంటారు లెండి" అన్నాడు యజమాని.

ఆమె వంగి చూసింది. "కాదు బావా. ఇది నా మొదటి గీత. పొరపాటున గేటు లేకుండా గీశాను, ఆ గోడ బోర్డు మీద."

"కంప్యూటర్లో ఎక్కించలేదా?"

"బోర్డు మీద కుదిరాకే ఎక్కిస్తానండీ. పొద్దున గీశాను, అదే రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముంగి తప్పు పట్టాడు. చెరిపి మళ్లీ గీశాం."

"ఏం పట్టావయ్యా?"

"దుకాణాలన్నీ ఒకేసారి మీద పడితే హెడ్డాఫీసు కంప్యూటర్ చస్తుందన్నానండీ." ముంగికి అది ఉపన్యాసమే.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"తాళం వేసి గొళ్లెం మరిచారు. కంప్యూటర్లకు కాపలా పెట్టి బోర్డును గాలికొదిలేశారు. అమ్ముకునేవాళ్లే అయితే, తప్పు దిద్దాక ఈ ఇద్దరూ మంచి నక్షా మళ్లీ పంపేవాళ్లు. పంపినవాడికి దిద్దిన సంగతే తెలీదు. పొద్దున బోర్డు చూశాడు, మధ్యాహ్నం ఇక్కడ లేడు. సార్, ఆ భోజనాల వేళకు మీరెక్కడ?"

యజమాని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎయిర్‌పోర్టులో" అన్నాడు.

"ఫోటో తీసుకున్నారా?"

"తీశాను. కస్టమర్‌కే పంపాను. కొత్త సంస్థను ఎవరు నమ్ముతారండీ? మచ్చుకని పంపాను. వాళ్లు దాన్ని చౌకగా చేసేవాడి చేతిలో పెట్టారు."

"మచ్చుకి గుప్పెడు చూపిస్తారు. మీరు బస్తా ఎత్తిచ్చారు."

ఆమె గొంతులో కోపం లేదు. నిద్రలేని రాత్రుల బరువుంది. "తెలిసే నన్ను రాజీనామా రాయమన్నావా బావా?"

"నా పేరు బయటపడితే సంస్థే మూతపడుతుందమ్మా. నువ్వయితే ఎక్కడైనా బతుకుతావనుకున్నా."

"బతుకుతాను. దొంగ అనిపించుకుని."

యజమాని తల దించుకున్నాడు. ఫోను తీసి పెట్టుబడిదారుకు కలిపాడు. "ఫోటో పంపింది నేనే. అమ్మాయి తప్పేం లేదు." అవతలి మాటలన్నీ విని పెట్టేశాడు.

"సంస్థ సంగతి రేపు చెబుతాడట. నన్ను కుర్చీ దిగమన్నాడు. నువ్వుండాలట."

ఆమె లేచి కంచాలు తీసింది.

ముంగి క్యారియర్లు తెచ్చాడు. నక్షాలు పక్కకు జరిపారు. ఆమె నాలుగు కంచాలు పెట్టింది. బావ మొహం చూడకుండానే బావకీ వడ్డించింది.

నలుగురూ తిన్నారు.