ఆగి ఆగి ఎక్కే మెట్లు

లిఫ్టు చెడిపోయి ఆ రోజుకి మూడో రోజు. నాలుగో అంతస్తులోని పాఠ్యపుస్తకాల ఆఫీసులో ప్రూఫులు దిద్దే అమ్మాయి, గోడకి అతికించిన కాగితం ముందు ఆగింది. 'రిపేరు జరుగుతోంది. మెట్లు వాడండి. ఆరోగ్యానికి మంచిది.'

ఒళ్ళు మండిపోయింది. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి చివరి వాక్యం అడ్డంగా కొట్టేసింది.

"అందులో తప్పేముందండీ?" అన్న గొంతు కాళ్ళ దగ్గర్నుంచి వినిపించింది. లిఫ్టు గుంటలోంచి ఒక తలకాయ పైకి లేచింది. చెంప మీద గ్రీజు మరక. "స్పెల్లింగు చూసుకునే రాశాను."

"స్పెల్లింగు బాగానే ఉంది. విషయమే బాగాలేదు."

"నాలుగంతస్తులకే ఇంత కోపమా? మా అమ్మ రోజూ మూడు ఎక్కుతుంది."

"అయితే ఆవిణ్ణి పంపండి. నా బదులు సంతకం పెట్టి వస్తుంది."

మెకానిక్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వితే ఊపిరి ఖర్చవుతుంది, అది ఇప్పుడు మెట్లకి కావాలి.

ఒకప్పుడు రెండేసి మెట్లు దాటుకుంటూ వెళ్ళే పిల్ల. కదిలే బస్సుని పరిగెత్తి అందుకున్న పిల్ల. రెండేళ్ళ క్రితం టీబీ వచ్చింది. ఆర్నెల్లు ఒక్క పూట కూడా తప్పకుండా మాత్రలు మింగింది. 'నయమైంది' అని కార్డు మీద ముద్ర వేసి ఇచ్చారు. జబ్బు పోయింది గానీ, ఊపిరి మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. కాళ్ళకి ఇంకా పాత తొందరే. ఛాతీ ఆ తొందరకి ఒప్పుకోదు.

అందుకే ప్రతి మలుపులోనూ ఆగి ఫోను చెవికి పెట్టుకునేది. అవతల ఎవరూ ఉండరు. చూసేవాళ్ళు మాత్రం ఏదో మాట్లాడుతోంది కాబోలు అనుకుంటారు.

మెకానిక్ కూడా అలాగే అనుకున్నాడు. పనిముట్ల సంచీతో దిగుతూ రెండో అంతస్తులో ఒకసారి, మళ్ళీ ఎక్కుతూ మూడో అంతస్తులో ఒకసారి కనిపించాడు. "అంతస్తుకోసారి ఫోనా? ఎవరండీ ఆ అదృష్టవంతుడు?"

"మీకెందుకు?" అంది, ఒక్క మాటతోనే సరిపెట్టి.

లిఫ్టు నాలుగో రోజుకి బాగుపడింది. కానీ అతను మాత్రం ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నాడు. ఒకరోజు నూనె చుక్క వెయ్యాలన్నాడు, ఇంకోరోజు మీట బిగించాలన్నాడు. వచ్చినప్పుడల్లా నాలుగో అంతస్తు దాకా వెళ్ళి చూసి పోయేవాడు.

"మీ ఆఫీసులో మిమ్మల్ని అరసున్న అంటున్నారేంటి?"

"పాత పుస్తకాల్లో ఉండేది. రాసేవాళ్ళు, పలకరు. బక్కగా ఉంటానని పెట్టారు."

"పలకరా? మీరు బాగానే పలుకుతున్నారే."

ఈసారి నవ్వొచ్చింది. నవ్వు వెనకే దగ్గు కూడా వచ్చింది. మొహం తిప్పుకుని, దుమ్ము అంది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. సన్నగా మొదలై, మనసు మార్చుకున్నట్టు ఒక్కసారిగా దంచింది. బస్టాపు దాకా తోడొస్తానని అతను గొడుగు విప్పాడు. ఒకే గొడుగు. అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడుస్తున్నాయి. మిగతాదంతా హాయిగానే ఉంది.

కాకపోతే అతని అడుగు ఆమె అడుగుకి రెండింతలు. చలిగాలికి ఛాతీ పట్టేసింది. మందుల షాపు దగ్గర ఆగి ఫోను చెవికి పెట్టుకుంది. చెప్పుల షాపు దగ్గర మళ్ళీ పెట్టుకుంది. మూడోసారికి అతని మొహంలో నవ్వు పోయింది.

"వానలో కూడా వదలడా ఆయన? నేను వెంట ఉండటం మీకు ఇబ్బందైతే చెప్పెయ్యండి."

చెబుదామని నోరు తెరిచింది. గాలి లోపలికి వెళ్తోంది గానీ మాట బయటికి రావడం లేదు. ఆ మౌనాన్ని అతను అవునని అనుకున్నాడు. గొడుగు ఆమె చేతిలో పెట్టి వానలోకి నడిచి వెళ్ళిపోయాడు.

వారం గడిచింది. లిఫ్టు చూడటానికి ఇంకెవరో కళ్ళద్దాల పెద్దాయన వచ్చాడు. అరసున్నకి కాలు ఒకచోట నిలవలేదు. కిటికీకి, కుర్చీకి మధ్య తిరిగింది. ఒకే పేజీలో మూడు తప్పులు వదిలేసి మేనేజరుతో మాట పడింది. ఇంట్లో గొడుగుని ఆ మూల నుంచి ఈ మూలకి మార్చింది.

"చెప్పకు" అంది వదిన, అంతా విని. "పోయిన సంబంధం గుర్తులేదా? జబ్బు పేరు విన్నారో లేదో, మళ్ళీ ఫోను కూడా ఎత్తలేదు. కార్డు మీద నయమైందని ఉందిగా."

"కార్డుకి నయమైంది వదినా. మొన్న డాక్టరు ఏమన్నాడు? క్రిములు లేవు, అవి పాడుచేసిన చోట మచ్చలు మిగిలిపోయాయి, ఆ మేరకి ఊపిరితిత్తి పని చెయ్యదన్నాడు. పీల్చే మందు, ఊపిరి వ్యాయామాలు ఎన్నాళ్ళో తెలీదన్నాడు. ఎన్నాళ్ళని ఫోను పట్టుకుని తిరగను?"

మర్నాడు లిఫ్టు కంపెనీకి ఫోను చేసింది. ఈసారి నిజంగానే. "ఏదో శబ్దం వస్తోందండీ. మొదట బాగుచేసినతన్నే పంపండి."

అతను వచ్చాడు. ముభావంగా రెండుసార్లు కిందికీ పైకీ తిరిగి, గోడకి చెవి ఆనించి విన్నాడు. "ఏ శబ్దమూ లేదండీ."

"లేదు. అబద్ధం చెప్పాను. ఫోను కూడా అబద్ధమే."

అతను తలెత్తాడు. మధ్యలో ఆగితే మళ్ళీ ధైర్యం చాలదని ఆమె అంతా గబగబా చెప్పేసింది. టీబీ, ఆర్నెల్ల మాత్రలు, మచ్చలు, మెట్లు, ఆ వాన రోజు రాని మాట. చివరికి ఆయాసం వచ్చింది. ఈసారి దాచుకోలేదు. గోడకి ఆనుకుని అతని ముందే తీర్చుకుంది.

అతను చేతిలోని గుడ్డతో తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు. "అయితే ఫోన్లో ఎవరూ లేరా?"

"ఇంత చెబితే మీకు వినిపించింది అదేనా?"

"వారం నుంచి నన్ను తిననివ్వనిది అదేనండీ." గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అంటుకుంటుందా?"

"ఇప్పుడు అంటుకోదు. క్రిములు లేవు."

"పూర్తిగా తగ్గుతుందా?"

"తగ్గకపోవచ్చు. ఎక్కువ కాకుండా చూసుకోవాలి."

"అడిగానని కోపమా?"

"అడక్కుండా వెళ్ళిపోయినవాళ్ళని చూశాను. ఇదే నయం."

"నాకు మీరంటే ఇష్టం" అన్నాడు అతను, మీట బిగించాలన్నంత మామూలుగా. "ఇంట్లో చెబుతాను. మా అమ్మ ఏమంటుందో తెలీదు. దాచి మాత్రం చెప్పను."

తర్వాత రెండు రోజులు ఆమె ఫోను వంకే చూస్తూ కూచుంది. మోగితే గుండె అదిరింది, మోగకపోతే ఇంకా అదిరింది. మూడో రోజు అతను చేశాడు. "చూడకుండా అవునని గానీ కాదని గానీ అననంది. ఆదివారం రమ్మంది. ఒక్కటే ఇబ్బంది. మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"లిఫ్టు మెకానిక్ ఇంటికి లిఫ్టు లేదా?"

"అందరూ అదే అంటారు."

ఆదివారం వదిన వెంట వస్తానన్నా వద్దంది. రెండో అంతస్తు మలుపు దాకా రాగానే ఛాతీ బిగుసుకుంది. ఫోను బ్యాగులోనే ఉంచి మెట్టు మీద కూచుండిపోయింది. కిందినుంచి తోడొచ్చిన అతను పక్కనే కూచున్నాడు. పైనుంచి అతని అమ్మ తొంగిచూసింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. ఒక్క నిమిషం చూసి, తనే మెట్లు దిగి వచ్చి పై మెట్టు మీద కూచుంది.

"నాకు భయం లేదని అననమ్మా. విన్న రోజు నిద్ర పట్టలేదు" అంది ఆవిడ.

"నాకూ భయమేనండీ."

"వానాకాలం ఎక్కువవుతుందా?"

"అవుతుంది."

"పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తావా?"

"మాననండీ."

"మానకు. ఇంట్లో కూచుంటే ఊరికే దాని గురించే ఆలోచిస్తాం." ఆవిడ టేపు తీసి చేతికి చుట్టుకుంది. "కింద వాటా వాళ్ళు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు. మనకిమ్మని అడుగుతాను. నా మోకాళ్ళకీ మంచిదేలే."

అరసున్న సర్దుకుని లేవబోతే ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"కూచో, తొందరేముంది. వంట ఇంకా కాలేదు."

"పొద్దున్నే అయిపోయింది కదమ్మా" అనబోయాడు కొడుకు. వాళ్ళమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది.

ముగ్గురూ అక్కడే కూచున్నారు.