కట్టినవారు

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. పొద్దున్నే బడిపంతులు రామచంద్రం వాకిట్లో కూర్చుని తాలూకా నుంచి వచ్చిన కాగితం నింపుతున్నాడు. ఊళ్లో చూడదగ్గ పాత కట్టడాలేవో రాసి పంపాలట. అవతల ఇద్దరు కూలీలు గడ్డపారలతో నిలబడ్డారు. అతని మట్టి ఇల్లు ఇవాళ కూలుతుంది. కరీంనగర్ నుంచి సిమెంటు వచ్చేసింది.

తల్లి శంకరవ్వ మాత్రం గోడకు ఎర్రమన్ను పూస్తోంది.

"కూలగొట్టే గోడను అలుకుతున్నవేందే అవ్వా?"

"సచ్చినోళ్లకు తానం పొయ్యరా? గా కాగితంల ఏం రాసినవ్?"

"గడీ. కట్టించినవారు: దొర."

"దొర ఒక్క తట్టెడు మన్ను మోసిండా? కూలి లేకుంట ఎట్టికి మన్ను తొక్కింది నేను, మీ బాపు. మన ఇల్లు రాయలే?"

"గీ ఇల్లా! నవ్వుతరే. బాపుకు పని రాకపాయె. గా దీపపు గూడు చూడు, నా నడుం కాడ పెట్టిండు."

"జర ఊకోండ్రి" అంది భార్య బాలలక్ష్మి. అప్పటికే మాట జారిపోయింది.

శంకరవ్వ అలుకుగుడ్డ కింద పడేసింది. "పని రాకనా? గడీల దీపాలు ముట్టిచ్చేదాన్ని. గూళ్లన్నీ మీదికుండె. పీట జారి పడితె రెట్ట విరిగింది. గప్పటిసంది చెయ్యి రొమ్ము దాటి లేవది. ఇల్లు కడుతుంటె మీ బాపు, 'జర చెయ్యి లేపే' అన్నడు. యాడిదాకా లేసిందో గాడనే గూడు తీసిండు. గడీల నా కొలత ఎవడు తీసిండురా?"

రామచంద్రం గూటి వైపు చూశాడు. ఇన్నేళ్లూ ఆ గూటిని వెక్కిరించాడు.

"ఎన్నడు చెప్పలేదేందే?"

"నువ్వెన్నడు అడిగినవ్ పంతులూ?"

అతను కూలీల వైపు తిరిగాడు. "పోండ్రి."

"మల్ల రేపు రావాల్నా?"

"ఎన్నడొద్దు."

గడీ కింది వరుసలో తమ ఇల్లు రాయబోయాడు. 'కట్టించినవారు' దగ్గర కలం ఆగింది. ఈ ఇంటిని ఎవరూ కట్టించలేదు. ఆ మాటలో సున్నా, 'చి' కొట్టేశాడు. 'కట్టినవారు' మిగిలింది. పక్కన తండ్రి పేరు, తల్లి పేరు రాశాడు: కొమురెల్లి, శంకరవ్వ.

"సర్కారు కాగితం మీద కొట్టేస్తరా?" బాలలక్ష్మి హడలిపోయింది.

"పైది గూడ కొట్టేస్త." 'దొర' అన్న మాట మీద గీత పడింది. "గడీ ఎవరెవరు కట్టిన్రో చెప్పవే అవ్వా."

శంకరవ్వ కొడుకు పక్కనే కూలబడింది. "అంతయ్య... కిష్టవ్వ... గోడ మీదికెల్లి పడి సచ్చిన ముత్యం..." ఒక్కో పేరుకు ఒక్కో వేలు మడుస్తోంది.

కాగితం నిండింది. రామచంద్రం కళ్లు తుడుచుకుని, దాన్ని తిరగేసి, వెనకవైపు రాయసాగాడు.