బల్ల దగ్గర పగ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది వీళ్ళు. విదేశం నుంచి వచ్చిన అయ్యగారు. ఆయన మాటను ఇక్కడి మాటలోకి మార్చి చెప్పే దుబాసి. ఇంటావిడ. క్రైస్తవ సంఘ పెద్దలుగా ట్రైనింగ్ పూర్తి చేస్తున్న ముగ్గురు: లారీ మెకానిక్, నర్సు, తోటమాలి. ఇంకా, కుట్టు మిషన్లు రిపేరు చేసే అమ్మాయి.

వీళ్ళలో ఒకరు మిగతా అందర్నీ చంపడానికి వచ్చారు. ఇంకొకరు ఆ ఒక్కర్నీ చంపడానికి వచ్చారు.

రెండో మనిషి రిపేరు అమ్మాయి. ఆమె పనిచేసే గూఢచారి ఆఫీసులో ఆమె కోడ్ నేమ్ కందిరీగ.

అంతకు వారం ముందు, బస్ డిపో మీద గదిలో బాస్ ఆమెకి ఆపరేషన్ వివరించాడు. ఆ గదిలో ఫ్యాన్ తిరగదు, కిటికీ తెరవరు. బాస్ ఎప్పుడూ పిప్పరమెంటు చప్పరిస్తూనే మాట్లాడతాడు. పై దేశాల్లో సంఘాలు కలిసి ఒక పెద్దాయన్ని పంపుతాయని, ఆయన ఒక ఇంట్లో కూర్చుని ఇక్కడివాళ్ళకి నేర్పుతాడని చెప్పాడు. వాక్యం ఎలా చెప్పాలి, పోయినవాళ్ళని ఎలా సాగనంపాలి, మాటలు మానేసిన మొగుడూ పెళ్ళాల్ని ఎలా ఎదురెదురుగా కూర్చోబెట్టాలి, ఇలాంటివి. ఆయన వెళ్ళిపోయాక వీళ్ళే సంఘాల్ని నడుపుతారు. అది ఇష్టం లేనివాళ్ళు ఒక విదేశీ ముఠాకి పని అప్పగించారు. ముఠా మనిషి ఇంట్లో చేరి, అందరి నమ్మకం సంపాదించి, ఆఖరి రోజు ప్రభువు బల్ల దగ్గర, అంటే అందరూ కలిసి ద్రాక్షరసం తాగే ప్రార్థనలో, విషం పెడతాడు. ఒక్క దెబ్బకి గురువూ శిష్యులూ పోతారు.

పోయిన ఏడాది పక్క దేశంలో అలాగే జరిగింది. పేపర్లు చెడిపోయిన తిండి అని రాశాయి. రహస్యంగా నడిచే ఇల్లు కాబట్టి లోపల ఎంతమంది ఉండేవారో, ఎవరు తప్పించుకున్నారో బయట ఎవరికీ తెలియలేదు. అక్కడ పాఠాలు చెప్పినవాడు కందిరీగ అన్న.

"ముఠా మనిషి కోడ్ నేమ్ సీతాకోక," అన్నాడు బాస్. "ఆడో మగో తెలియదు. ఇప్పుడున్నది మాత్రం మీ వదిన ఇంట్లోనే, అది ఖాయం. నాకు ప్రాణాలతో కావాలి. వెనకున్నవాళ్ళ పేర్లు కక్కించాలి."

"సరే సార్."

"నీ సరే సంగతి నాకు తెలుసు. మీ అన్న విషయం పక్కన పెట్టు."

"పెట్టాను సార్."

పెట్టలేదు. బాస్ ఆమెకి మూడు వస్తువులిచ్చాడు. రేడియోలా పనిచేసే బాబిన్, మిషన్‌లో దారం చుట్టే చిన్న చక్రం. విషంలో ఒక్క చుక్క పడితే చాలు, నీలంగా మారిపోయే మందు నింపిన ఆయిల్ డబ్బా. పిడి నొక్కితే మత్తు సూది వదిలే స్క్రూడ్రైవర్. మెట్లు దిగుతూనే కందిరీగ ఆ మత్తు సూది తీసి కాలవలో పారేసింది. దాని చోట నిజమైన తూటా పెట్టింది. ఒక్కటే. ఒక్కటి చాలనుకుంది.

ఆ ఇంటావిడే కందిరీగ వదిన. మొగుడు పోయాక ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆయన మధ్యలో వదిలిన పనిని తన ఇంట్లో మొదలుపెట్టింది. గుమ్మం మీద కుట్టు శిక్షణ అని బోర్డు. ముందు గదిలో వరసగా మిషన్లు, మెడలో టేపులు వేసుకున్న విద్యార్థులు. తలుపు చప్పుడైతే చాలు, అందరూ తొక్కడం మొదలుపెట్టేవారు. పాటలు పెదవులతోనే పాడేవారు, గొంతు బయటికి వచ్చేది కాదు. మెకానిక్‌కి వాక్యం కన్నా కాలర్ కుట్టడం ముందు వచ్చేసిందని వదిన నవ్వేది. వీధి చివర స్కూల్ వాళ్ళు యూనిఫాంలు అతనే కుట్టాలని పట్టుబట్టేవారట.

కందిరీగ వారం రోజులూ మిషన్ల కింద పడుకుని బోల్టులు బిగిస్తూ అందర్నీ గమనించింది. తోటమాలి చేతుల నిండా పురుగుమందు వాసన. మెకానిక్ అడక్కుండానే అందరి పనులూ చేసిపెడతాడు, అదీ అనుమానమే. అన్నిటికన్నా నర్సు. ఆమె దగ్గర తాళం వేసిన రేకు పెట్టె ఉంది. తక్కువ మాట్లాడుతుంది. ద్రాక్షలు పిండేది తనే, కప్పులు కడిగేదీ తనే.

దుబాసి ఒక్కదాని మీదే అనుమానం రాలేదు. ఆమె పొద్దున్నించి సాయంత్రం దాకా అయ్యగారి పక్కనే ఉండేది, నోటికి ఖాళీ ఉండేది కాదు. మెడలో పట్టు స్కార్ఫు, జడలో వెండి పిన్ను, నవ్వితే గదిలో దీపం పెట్టినట్టుండేది. ఆమె నవ్వినప్పుడల్లా మెకానిక్ వేలికి సూది గుచ్చుకునేది. రిపేరు అమ్మాయితో కూడా కలుపుగోలుగా ఉండేది. నీ చేతులు పాడైపోతున్నాయి పిల్లా అని ఒకసారి తన క్రీము డబ్బా కూడా ఇచ్చింది.

బల్ల నియమాలు కందిరీగ అప్పుడే తెలుసుకుంది. అందరికీ కప్పులు అందాక, అయ్యగారు తీసుకోండి అన్నాక, అంతా ఒకేసారి తాగాలి. దుబాసి మాత్రం తాగకూడదు. అందరికీ చెప్పాల్సిన దీవెన ఆమె నోటితోనే రావాలి కాబట్టి ఆమె వంతు చివర. మేడమ్‌కి ఎప్పుడూ కూజాలో అడుగు చుక్కే మిగులుతుందని మెకానిక్ బాధపడేవాడు.

ఇంకో నియమం అన్న పెట్టింది. మనసులో పగ పెట్టుకుని ఎవరూ కప్పు ముట్టుకోకూడదు. పగ ఉంటే పైకి చెప్పాలి. చెప్పగానే బల్ల ఆగిపోతుంది, అందరూ కప్పులు దించేస్తారు. ఆ ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకోవాలి. సమాధానపడేదాకా ఆ తలుపు ఎవరూ తెరవకూడదు. ఒకసారి కత్తెర దగ్గర గొడవపడి మెకానిక్, తోటమాలి సగం రోజు ఆ గదిలోనే ఉండిపోయారు. బయటికి వచ్చాక ఇద్దరూ ఒకే కత్తెర వాడటం మొదలుపెట్టారు.

ఆఖరి రోజు పొద్దున వదిన ఇస్త్రీ చేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరో తేలిందా?"

"నర్సేమో అనుకుంటున్నా."

"తేలితే ఏం చేస్తావ్?"

"బాస్‌కి అప్పగిస్తా."

వదిన ఇస్త్రీ పెట్టె పైకెత్తి ఆమె మొహంలోకి చూసింది. "మీ అన్నకీ అబద్ధం చెప్పడం చేతనయ్యేది కాదు," అంది.

కందిరీగ వంటగదిలోకి వెళ్ళింది. నర్సు కప్పులు కడుగుతోంది, దుబాసి పక్కన నిలబడి తుడుస్తోంది. వాళ్ళిద్దరూ ట్రే తీసుకుని వెళ్ళాక కందిరీగ కూజాలోని ద్రాక్షరసం గరిటెలోకి తీసి ఒక చుక్క మందు వేసింది. రంగు మారలేదు. మళ్ళీ వేసింది. మారలేదు. ఊపిరి పీల్చుకుంది. ఒకవేళ బాస్ లెక్క తప్పిందేమో.

మధ్యాహ్నం మిషన్లన్నీ గోడవారకి జరిపి మధ్యలో బల్ల వేశారు. ట్రైనింగ్ పూర్తయిన ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో పెళ్ళివారిలా కూర్చున్నారు. బల్ల తర్వాత అయ్యగారు వాళ్ళ తల మీద చేతులుంచి సంఘాల్ని అప్పగిస్తారు. నువ్వు కూడా కూర్చో అమ్మా అని అయ్యగారు దుబాసి నోటితో రిపేరు అమ్మాయిని పిలిచారు. ఆమె ఆయిల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కప్పులు చేతుల్లోకి వచ్చాయి. రసం అడుగు నుంచి అంచుదాకా ఎర్రగా మెరుస్తోంది.

అప్పుడు చెవి వెనక దాచిన బాబిన్ చిన్నగా గొణిగింది.

"ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది," బాస్ గొంతు. "మీ అన్న ఇంట్లో విషం రసంలో లేదు. కప్పులకి పూశారు. వింటున్నావా? కప్పులకి."

అయ్యగారు దీవెన మొదలుపెట్టారు. దుబాసి తియ్యగా వెనకే చెబుతోంది.

విషం అని అరవచ్చు. అరిస్తే అందరూ కప్పులు దించేస్తారు. అందరితోపాటు సీతాకోక కూడా భయం నటిస్తుంది. ఇంకో దేశం వెళ్తుంది, ఇంకో ఇల్లు చూసుకుంటుంది. అన్నని చంపిన చెయ్యి ఏదో కందిరీగకి ఎప్పటికీ తెలియదు. ఏడాదిగా ఆమె నిద్రలో వెతుకుతున్నది ఆ చేతినే.

దీవెన అయిపోయింది. కప్పులు లేచాయి.

"నాకు ఇక్కడ ఒకరి మీద పగ ఉంది," అంది కందిరీగ.

గది ఆగిపోయింది. అందరికన్నా ముందు నర్సు కప్పు దించింది. ఆ పిల్లని తనేమైనా నొప్పించానా అన్నట్టు కళ్ళలో నీళ్ళు. మెకానిక్ నిట్టూర్చి దించాడు. తోటమాలి దించాడు. వదిన దించింది. నర్సు కాదు, అనుకుంది కందిరీగ. చంపడానికి వచ్చినవాళ్ళు బల్ల ఆగితే ఏడవరు.

అయ్యగారికి మాత్రం ఇక్కడి మాట రాదు. ఏమైందన్నట్టు దుబాసి వైపు తిరిగారు. ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. ఆయన భాషలో మెల్లిగా చెప్పింది.

"మీకు కృతజ్ఞతలు చెబుతోంది అయ్యగారూ. మొదట మీరు తీసుకోవాలని అందరూ ఎదురుచూస్తున్నారు."

ఆ భాష రిపేరు అమ్మాయికి రాదని దుబాసి అనుకుంది. ఈ పాఠాలు నేర్చుకోవడానికి పై దేశం వెళ్ళేముందు అన్న ఆ భాషని ప్రాక్టీస్ చేసింది చెల్లెలి మీదే. తప్పులు దిద్దింది ఆ చెల్లెలే.

అయ్యగారు సంతోషంగా కప్పెత్తారు. అంచు ఆయన పెదవికి తగిలింది.

కందిరీగ బల్ల మీదుగా దూకి ఆయన మణికట్టు పట్టుకుంది. "మింగకండి అయ్యగారూ," అంది ఆయన భాషలో. ఆయిల్ డబ్బా నొక్కింది. ఒక్క చుక్క. ఎర్రటి రసం సిరా పోసినట్టు నీలంగా మారిపోయింది.

నర్సు నోటి మీద చెయ్యి పెట్టుకుంది, మరుక్షణమే గుడ్డ తడిపి అయ్యగారి పెదవులు తుడవడం మొదలుపెట్టింది. దుబాసి చెయ్యి జడలోని పిన్ను మీదికి వెళ్ళింది. అక్కడిదాకానే వెళ్ళింది. స్క్రూడ్రైవర్ మొన ఆమె గొంతుకి ఆనింది. మెకానిక్ ఆ పిన్ను లాగి బల్ల మీద పెట్టాడు. ఈసారి అతను ఆమె మొహం చూడలేదు.

"ఆ ఇంట్లో ఎలా బతికావ్?" అని అడిగింది కందిరీగ. అడగకుండానే తెలుసు.

దుబాసి నవ్వింది. అదే దీపంలాంటి నవ్వు. "నా వంతు చివర కదా పిల్లా. ఇందాక నీ యాస విన్నాక పోల్చాను, నువ్వు ఆయన చెల్లెలివి. మీ అన్న మంచివాడు. నాకోసం ఒక చుక్క మిగిల్చాడు కూడా."

కందిరీగ బొటనవేలు పిడి మీదికి జరిగింది.

అయ్యగారు నెమ్మదిగా మాట్లాడారు. మాట మార్చి చెప్పడానికి ఇప్పుడు దుబాసి లేదు. అందరూ కందిరీగ వైపు చూశారు.

"ఏమంటున్నారు?" అన్నాడు తోటమాలి.

"పగ ఉందని చెప్పాను కాబట్టి నియమం ప్రకారం మేమిద్దరం లోపలి గదిలోకి వెళ్ళాలంటున్నారు," అంది కందిరీగ. లోపలి గది. తలుపు. ఎవరూ తెరవరు. ఆమెకి ఆ వారంలో మొదటిసారి అయ్యగారంటే ఇష్టం కలిగింది.

"మిగతాది కూడా చెప్పు," అంది వదిన.

కందిరీగ స్క్రూడ్రైవర్ ఇంకొంచెం గట్టిగా ఆనించింది.

"ఆయుధం ఇక్కడ పెట్టి వెళ్ళమన్నారు. మీ అన్న ఆ భాష నాకూ నేర్పాడు. ఇందాక ఈవిడ చెప్పిన అబద్ధం నేనూ విన్నాను. నువ్వు దూకకపోతే నేను దూకేదాన్ని, కాకపోతే నా మోకాళ్ళు నీ మోకాళ్ళు కావు." వదిన చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు."

బయట బాస్ మనుషుల గుడ్డల వ్యాన్ వచ్చి ఆగింది. బాబిన్‌లో బాస్ అడుగుతున్నాడు, సీతాకోక ప్రాణాలతోనే ఉందా అని. ఉంది, అంది కందిరీగ. అలాగే ఉంచు, తలుపు తెరిస్తే లోపలికి వస్తాం, అన్నాడు బాస్.

ఆమె స్క్రూడ్రైవర్ ఇచ్చేసింది. వదిన దాన్ని మిషన్ సొరుగులో పడేసి సొరుగు మూసింది. తర్వాత దుబాసి మోచెయ్యి పట్టుకుని లేపింది. రోజూ గుడ్డ తానులు ఎత్తే చెయ్యి అది. దుబాసి స్కార్ఫు జారిపోయింది, తీసుకోవడానికి వంగబోతే వదిన వంగనివ్వలేదు.

"వదినా," అంది కందిరీగ. ఆ ఇంట్లో వారం రోజుల్లో మొదటిసారి ఆ పిలుపు బయటికి వచ్చింది. "పగ అన్నది నేను. వెళ్ళాల్సింది నేను."

"ఆయన నీకు అన్న. నాకు మొగుడు. వరసలో నువ్వు నా వెనక."

"బాస్‌కి ప్రాణాలతో కావాలి."

"నీకూ అదే చెప్పాడు కదా. విన్నావా?"

వాళ్ళిద్దరూ లోపలి గది గడప దాటారు. కందిరీగ వెనకే వెళ్ళింది. గుమ్మం దగ్గర చూసింది. అయ్యగారి నీలం కప్పు వదిన రెండో చేతిలో ఉంది. చుక్క కూడా తొణకలేదు. దుబాసి కూడా అప్పుడే చూసింది. ఆ దీపం ఆరిపోయింది.

"నా మాట వినండి," అంది దుబాసి. మొదటిసారి సొంత మాట మాట్లాడుతున్నట్టు, ఆ గొంతు చాలా చిన్నగా ఉంది.

"వింటాను. అందుకే కదా గదిలోకి వచ్చాం," అంది వదిన. "అందరి వంతులూ అయిపోయాయి. ఇక నీదొక్కటే మిగిలింది."

కందిరీగ గడప మీద అడుగు పెట్టబోయింది. వదిన తలుపు సందులోంచి ఆమెను చూసింది. ఆ చూపులో అన్న లేడు, ప్రార్థన లేదు, ఏడాదిగా దాచిపెట్టినదేదో మాత్రం ఉంది.

"నువ్వు ఆ కప్పులు కడుగు పిల్లా," అంది. "రెండుసార్లు కడుగు." అని ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.