అసీర్ కొండల్లో వ్యాన్‌విహారం

"సాయంత్రం అయిదున్నరకు పడవ వస్తుంది రసూల్. సరుకు ఆ పడవెక్కితే ఉజ్వల జైలుకెక్కుతుంది," అన్నాడు రామప్రసాద్.

సౌదీ కొండల మీది అభాలో పొద్దున ఏడింటి చలి. ఊరి పేరు అభా అయినా, దుప్పటి తీయగానే నోట వచ్చేది మాత్రం అబ్బా! రామప్రసాద్ పైకి ట్రావెల్ ఏజెంటు, లోపల సీక్రెట్ ఏజెంటు. బోర్డు మీద మాత్రం ట్రావెల్ ఒక్కటే రాయించాడు. అతని దగ్గర డ్రైవరుగా చలామణీ అవుతున్న నబీ రసూల్ ప్రొద్దుటూరు మనిషి. పన్నెండేళ్ళుగా ఈ కొండదారుల్లో స్టీరింగూ, స్టీరింగు చాటున రహస్యాలూ తిప్పుతున్నాడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. కింద ఎర్రసముద్రం ఒడ్డున ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు ఉంది. కొండమీది ఊళ్ళకు నీళ్ళెక్కించే పంపుల కోడ్‌లు అక్కడ చోరీ అయ్యాయి. అవి చేతికొస్తే ఒక విదేశీ ముఠా ఎక్కడో కూర్చుని ఇక్కడి కుళాయిలు కట్టేయగలదు. దొంగ వాడింది అక్కడ పనిచేసే, నబీ రసూల్‌ను అన్నా అని పిలిచే కాకినాడ ఇంజినీరు ఉజ్వల లాగిన్. అందుకే ఆమె పాస్‌పోర్టు జప్తు అయింది. కోడ్‌లున్న పెన్‌డ్రైవ్‌తో సహా దొంగ దొరికితేనే ఆ పిల్ల బయటపడుతుంది. అడవి నుంచి బీచ్ దాకా తీరిగ్గా తిప్పే మూడు రోజుల వ్యాన్ టూర్‌కు ఇద్దరు సీట్లు తీసుకున్నారు. ముఠా మనిషి వాళ్ళలో ఒకరు. హోటల్లో బ్యాగులు రహస్యంగా వెతికితే బట్టలు తప్ప ఏమీ దొరకలేదు.

"ఇద్దర్లో ఎవురు సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

తెలుసుకోవడానికి నబీ రసూల్‌కు పది నిమిషాలు పట్టలేదు. మొదటి మనిషి ఎలెనీ. గ్రీకు ఫొటోగ్రాఫరు. నల్ల కళ్ళద్దాలు, మెడలో రెండు కెమెరాలు. రెండో మనిషి పునీత్. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు, సౌదీ గడ్డమీద కాలు పెట్టి మూడు రోజులేనట, ఒంటెను చూసినా నోరు తెరుస్తున్నాడు. ఇంక అనుమానమెందుకు?

జూనిపర్ చెట్ల మధ్య, మంచులో, బండి నత్తకు దారిస్తూ నడిచింది. వనవిహారం కాదు, వ్యాన్‌విహారం. తన ద్వీపంలోనూ ఇలాగే అడవి దిగితే ఇసుక తగులుతుందని, అక్కడ వారమంతా వ్యాన్‌లోనే తిరుగుతారని ఎలెనీ ఇంగ్లీషులో చెప్పింది. ఆ వెంటనే బీచ్ దగ్గర లోతెంత, గస్తీ పడవలు ఎప్పుడొస్తాయి అని అడిగింది. ఆమె వేసే ప్రతి ప్రశ్నకూ నబీ రసూల్‌కు వెనక ఇంకో ప్రశ్న వినబడింది. తేనె అంగడి దగ్గర ఆపినప్పుడు కూడా అతని కళ్ళు ఆమె మీదే. పునీత్ రుచి చూడకుండా, వెనక వరసలోంచి అంగడివాడు తీసిచ్చిన సీసా పట్టుకొచ్చాడు. నబీ రసూల్ అది చూసీ చూడనట్టు వదిలేశాడు.

మలుపులో ఒక కొండముచ్చు రోడ్డుకు అడ్డంగా దూకింది. సడన్ బ్రేకు. పునీత్ చేతిలో చాయ్ కాస్తా చొక్కా మీదకు చేరింది. అతను టిష్యూ కోసం చెయ్యి చాచాడు.

"మాఫీ సార్, మాఫీ," అన్నాడు నబీ రసూల్.

"లేదంటవేంది భాయ్? టిష్యూ డబ్బా ముందల్నే పెట్టుకున్నవ్ గద!"

నబీ రసూల్ డబ్బాలోంచి రెండు టిష్యూలు లాగి అందించాడు. గుండె మాత్రం గేరు మార్చింది. నిన్నగాక మొన్న దిగిన హైదరాబాదీ చెవికి మాఫీ అంటే క్షమాపణ. ఇక్కడి వాడుక అరబ్బీలో మాఫీ అంటే 'లేదు'. అలా వినబడాలంటే, ఆ చెవి అరబ్బు నేల మీద ఏళ్ళ తరబడి నానాలి. మూడు రోజుల మనిషికి ముదిరిన చెవి!

ఇద్దరూ లోయ ఫొటోలకు దిగగానే అతను టిష్యూ డబ్బాలో దాచిన రేడియో నొక్కాడు.

"ఆమె కాదు సార్, పునీత్."

"ఆధారం ఉందా?"

"మాఫీ."

"లేదంటున్నావా, క్షమించమంటున్నావా?"

"రెండూ సార్. కానీ వాడే."

అయిదు ఇరవై. తెల్లటి ఇసుక, మోకాలి లోతు నీలం. ఎలెనీ నీళ్ళలో నిలబడి పీతల్ని ఫొటో తీస్తోంది. ఒక చేపల పడవ నింపాదిగా దగ్గరకొచ్చింది. పునీత్ తేనెసీసా పట్టుకుని, జాలరికి బహుమతి ఇస్తానంటూ నీళ్ళలోకి దిగాడు.

జేబులు కాదు, బ్యాగులు కాదు, సీసా! నబీ రసూల్ పరుగెత్తాడు. తడి ఇసుక చెప్పుల్ని మింగింది. అతనికన్నా ముందు ఎలెనీ చేరింది. చెయ్యి చాచింది. పునీత్ నవ్వుతూ సీసా ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె పడవెక్కి ఇంజను పక్కన కూర్చుంది.

అయితే ఇద్దరూ దొంగలే. నబీ రసూల్ కళ్ళ ముందు ఉజ్వల ముఖం మెదిలింది. పడవ గర్జించింది, తిరిగింది, పది గజాలు పోయింది.

ఆగిపోయింది.

ఇంజను ఆర్పే ఎర్రతాడు ఎలెనీ చేతిలో వేలాడుతోంది. రాళ్ళ చాటునుంచి తీరగస్తీ పడవ దూసుకొచ్చింది. జాలరి చేతులెత్తాడు. పునీత్ ఒడ్డుకు పరుగెత్తి నేరుగా నబీ రసూల్ చేతుల్లో పడ్డాడు. ఎలెనీ సీసాలో రెండు వేళ్ళు ముంచి, ప్లాస్టిక్ చుట్టిన పెన్‌డ్రైవ్ బయటకు లాగింది. ముఠా తనను తమ మనిషే అనుకుంటోందని, నాలుగు నెలలుగా తాను రామప్రసాద్ వైపే ఉన్నానని చెప్పింది. పడవ దగ్గర సరుకు అందుకోవడమే ముఠా ఆమెకిచ్చిన పని, పునీత్ దాన్ని ఎక్కడ దాచాడో మాత్రం ఆమెకూ చెప్పలేదట. పొద్దుటి నుంచి హనీ ట్రాప్ ఆమే అనుకున్నాడు నబీ రసూల్. తీరా ట్రాప్ హనీలోనే ఉంది.

"నాకొక మాట చెప్పుండచ్చు గదా సార్," అని ఫోన్లో నిష్ఠూరమాడాడు.

"చెబితే నువ్వామెను అనుమానంగా చూడవు రసూల్. నువ్వు చూడకపోతే ఆమె మన మనిషేమోనని వాడికి అనుమానం వచ్చేది. నటించడం నీ ముఖానికి రాదు."

చీకటి పడకముందే ఉజ్వల ఫోను చేసింది. "అన్నా, పాస్‌పోర్టు ఇచ్చేశారండీ," అంది ఏడుస్తూనే.

సాక్ష్యాల సంచిలో పునీత్ ఫోను టింగుమంది. ట్రావెల్స్ వారి మెసేజ్: 'మీ మొదటి రోజు ప్రయాణం ఎలా సాగింది? డ్రైవరుకు ఎన్ని నక్షత్రాలు?'

సాక్ష్యాన్ని ముట్టుకోకూడదని రూలు. నబీ రసూల్ చుట్టూ ఒకసారి చూసి, సంచి మీదనుంచే అయిదు నొక్కాడు.